కూపర్స్ గెలిచిన ఏళ్లు

ట్రాస్క్ లాండింగ్, ఇండియానా
సెప్టెంబరు 3, 1958

మహారాజశ్రీ వెరీనా అక్కగారి దివ్యసముఖానికి తమ్ముడు నార్బర్ట్ సాష్టాంగపడి విన్నవించుకునేది:

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. మర్యాద తీరింది. ఇక వార్తలు రెండున్నాయి. ఒకటి మంచిది, ఒకటి నాన్నది.

మంచిది ముందు. మన కూపర్స్ టైటిల్ పోటీల్లోకి వచ్చారు. మంగలి దగ్గర్నుంచి మేయరు దాకా ఊళ్లో అందరికీ ఒకటే జ్వరం. పీపాల కార్ఖానాలో సుత్తి చప్పుడు కంటే రేడియో చప్పుడు ఎక్కువగా ఉందట. బేస్‌బాల్ టీముకి పీపాలు చేసేవాళ్ల పేరు పెట్టుకున్న ఊరు ప్రపంచంలో మనదొక్కటేనని నాన్న గర్వం. ఇంకో ఊరికి ఆ ఆలోచన ఎందుకు రాలేదో నేను ఊహించగలను గానీ, ఆయన ముందు అనను.

ఇక నాన్నది. డాక్టరు పోల్మన్ ఆయన పొట్ట కోసి, లోపలికి తొంగి చూసి, పరాయివాళ్ల గదిలోకి పొరపాటున వచ్చినవాడిలా మర్యాదగా తలుపు మూసేశాడు. నువ్వు నర్సువి, దీని అర్థం నీకు నేను చెప్పాలా? క్రిస్మస్ దాకా ఉండొచ్చన్నాడు. అయితే 1953లో కూపర్స్ గెలుస్తారని చెప్పిందీ ఈయనే. కాబట్టి ఆయన జోస్యాన్ని ఎటు తిప్పి చదవాలో తెలియడం లేదు.

ఫోన్ చేద్దామంటే మన ఇంటి ఫోను సంగతి నీకు తెలుసు. 1938 ఫైనల్ చివరి ఇన్నింగ్స్‌లో అది మోగింది, అవతలివాడు బంతిని నదిలోకి కొట్టాడు. అప్పట్నుంచి సెప్టెంబరు పుట్టగానే హెడ్విగ్ అత్త తీగ పీకి దాచేస్తుంది. టెలిగ్రాం ఇద్దామంటే, మన వంశంలో టెలిగ్రామ్‌ని మొదటి మాట దాటి చదివినవాళ్లు లేరు, అక్కడే ఏడుపు. అందుకని ఈ ఉత్తరం.

"అక్కని రమ్మని రాయనా?" అని నాన్నని అడిగాను.

"ఇప్పుడెందుకురా. ఆటలు అయ్యాక రమ్మను," అన్నాడు.

"అవున్రా, అయ్యాకే!" అని వంటింట్లోంచి అత్త. "యాభై మూడు మళ్లీ చూడటానికి నా గుండె చాలదు."

ఈ విషయంలో చరిత్ర నీ పక్షాన లేదని విచారంతో తెలియజేస్తున్నాను. 1909లో తాతయ్య హయాంలో గెలిచాం. నువ్వు పుట్టనే లేదు. 1931లో గెలిచాం. నువ్వు ఊళ్లోనే ఉన్నావు గానీ ఏడేళ్ల పిల్లల పాదాన్ని శాస్త్రం లెక్కించదు. 1938లో ఇంట్లో ఉన్నావు, ఓడిపోయాం. 1946లో సైన్యం నిన్ను జర్మనీలో ఉంచింది, గెలిచాం. ఊరి తరఫున సైన్యానికి కృతజ్ఞతలు. 1949లో వచ్చావు, ఓడాం. 1953లో నువ్వు వీధి గుమ్మం దోమతెర తలుపు తీసి లోపల అడుగు పెట్టిన క్షణానే చేతిలో పడ్డ బంతిని మన ఫీల్డరు జారవిడిచాడు. అది రేడియోలో అందరం విన్నాం. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టూ అడగదు.

కాబట్టి నగర పాలక సంఘం తీర్మానం ప్రకారం తమరు ఆటలయ్యేదాకా ఊళ్లో కాలు పెట్టరాదు. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి.

నీ పాదధూళికి దూరం నుంచే నమస్కరించే,
నార్బర్ట్


హేక్ దీవి, మెయిన్
సెప్టెంబరు 9, 1958

నార్బ్,

మంగళవారం పడవలో నీ ఉత్తరం వచ్చింది. పొట్ట కోసి మూసేశారన్న వాక్యాన్ని పట్టుకుని చాలాసేపు రేవులోనే నిలబడ్డాను. చేప గేలం అరచేతిలో దిగిన ఒకాయన తన వంతు కోసం పక్కనే నిలబడి ఉన్నాడు, పాపం. చివరికి ఆయనే దగ్గాడు.

నాన్న కళ్లు పచ్చబడ్డాయా? కాళ్లు వాచాయా? ఏం తింటున్నాడు, తిన్నది ఉంటోందా? నొప్పికి ఏం ఇస్తున్నారు? వీటికి జవాబులు రాయి. జోకులు కాదు.

యాభై మూడులో తెర తలుపు తీసింది నేనే. బంతి జారవిడిచింది మాత్రం దానికోసం జీతం తీసుకునే ఇంకో మనిషి. ఆ సంగతి మన ఇంట్లో ఎవరూ ఒప్పుకోరని తెలుసు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న నా వైపు చూసి, "ఈసారి క్రిస్మస్‌కి రా తల్లీ, అప్పుడు ఆటలుండవు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్నుంచి క్రిస్మస్‌కే వస్తున్నాను.

ఆటలయ్యాక రమ్మని ఆయన నోటితోనే అన్నాడు కదా? అది నువ్వు కల్పించింది కాదు కదా? అయితే నేను అలాగే చేస్తాను. ఆయనకి ఇక ఎవరూ ఇవ్వగలిగిందేమీ లేదు. ఒక్క గెలుపు మిగిలింది. దానికి అడ్డు రాకుండా దూరంగా ఉండటమే నా వంతు అయితే, ఉంటాను. ఇక్కడ నెలలు నిండుతున్న ఆడవాళ్లు ఇద్దరున్నారు. నా బదులు ఉండటానికి ఒక నర్సుని మాట్లాడి పెట్టుకుంటాను. చివరి ఆట అయిన రోజునే బయల్దేరతాను.

అత్తకి చెప్పు, నాన్న పెదాలు ఎండిపోకుండా తడిబట్టతో అద్దుతుండమని.

వెరీనా


ట్రాస్క్ లాండింగ్
సెప్టెంబరు 13, 1958

గౌరవనీయులైన పరీక్షాధికారిణి గారికి,

తమ ప్రశ్నపత్రం అందింది. అన్నిటికీ జవాబులు రాస్తున్నాను, మార్కులు దయతో వేయగలరు.

కళ్లు: కూపర్స్ జెండా రంగుకి వచ్చాయి. ఇంత పసుపు అభిమానం ఊళ్లో మరెవరికీ లేదు. కాళ్లు: బూట్లు పట్టడం లేదు, అయినా ఎక్కడికి వెళ్లాలి గనక. తిండి: చారు, చెంచాలతో. మందు: పోల్మన్ పొద్దున్నొకటి సాయంత్రమొకటి సూది వేస్తున్నాడు. ఆట ఉన్న రోజున మాత్రం నాన్న సాయంత్రం సూదిని ఆట ముగిసేదాకా వాయిదా వేయిస్తాడు, మధ్యలో నిద్రపడుతుందని.

సెమీఫైనల్ గెలిచాం. చెప్పడం మరిచాను.

ఈ మధ్యలో ఇంట్లో రాజ్యాంగ సంక్షోభం వచ్చింది. నాన్న మేడ మీది గదిలో. రేడియో కింద హాల్లో. రేడియోని పైకి తీసుకెళ్దామన్నాను. అత్త నన్ను చర్చిలో ఉమ్మినవాణ్ణి చూసినట్టు చూసింది.

"ముప్పై ఒకటి నుంచి ఆ రేడియో ఆ బల్ల మీదే ఉందిరా."

"అత్తా, ముప్పై ఒకటిలో ఇది లేదు. ఇది నలభై ఏడులో కొన్నాం."

"రేడియో మారింది. బల్ల మారిందా?"

న్యాయం అత్త పక్షాన ఉంది. కాబట్టి ఆట ఉన్నప్పుడల్లా నాన్ననే కిందికి దించుతున్నాను. మొదటిసారి మెట్ల మీద కాళ్లు దిట్టంగా ఆనించి, నడుం బిగించి, ఊపిరి పీల్చి ఎత్తాను. ఎత్తితే ఆయన నా గడ్డం దాకా లేచిపోయాడు. నిండు పీపా అనుకుని ఖాళీది ఎత్తినట్టయింది. ఇద్దరం కాస్త సిగ్గుపడ్డాం. "నీకు బలం వచ్చిందిరా," అన్నాడు నాన్న. కాలేజీ చదువు పుణ్యమన్నాను.

కుర్చీలో కూర్చోగానే మాత్రం మామూలు మనిషే. 1931 కథ మళ్లీ మొదలుపెడతాడు. దేశంలో సారా నిషేధం, పీపా అడిగే నాథుడు లేడు, కార్ఖానాకి తాళం, ఊరంతా పస్తు, అయినా పీపాల వాళ్ల పేరు పెట్టుకున్న టీము గెలిచింది. "ఊరికి పని లేదు, టీముకి ఎదురు లేదు," అని నవ్వుతాడు. అక్కడ దగ్గొస్తుంది.

నిజానికి నీ ఉత్తరం విప్పేటప్పుడు అందులో వేరే సంగతి ఉంటుందనుకున్నాను. ఏమిటో అడక్కు. నీ క్రమశిక్షణకి ఊరంతా నీకు రుణపడి ఉంది. న్యాయశాస్త్రం ప్రకారం మరొకటి గమనించాలి. నీ పాదమహిమ ఇండియానా రాష్ట్రానికే పరిమితం. నది అవతల కెంటకీలో దానికి అధికారం చెల్లదు. వంతెన మధ్యలో ఒక గీత గీయించి, అక్కడ నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆటయ్యాక బ్యాండుమేళంతో తీసుకురావాలని మేయరుకి సలహా ఇవ్వబోతున్నాను.

ఫైనల్ వచ్చే శనివారం మొదలు. ఏడింట నాలుగు గెలవాలి.

విధేయుడు,
నార్బర్ట్ (మేడ మెట్ల ముఠామేస్త్రి)


హేక్ దీవి
సెప్టెంబరు 17, 1958

నార్బ్,

నీ జోకుల మధ్య నాన్న ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వస్తోంది. సాయంత్రం సూది వాయిదా వేస్తున్నాడన్నావు. అంత నొప్పి ఆట కోసం ఓర్చుకుంటున్నాడంటే ఆయనకి ఈ గెలుపు ఎంత కావాలో నాకు ఇంకా బాగా అర్థమైంది. నేను అనుకున్నదే సరైంది.

కానీ నువ్వు ఇంకేదో అనబోయి ఆగిపోయావు. "ఏమిటో అడక్కు" అంటే ఏమిటి? అడుగుతున్నాను. వేళాకోళం లేకుండా ఒక్క ఉత్తరం రాయి. ఒక్కటి. నేను రావాలా వద్దా?

బదులు నర్సు సిద్ధంగా ఉంది.

వెరీనా


ట్రాస్క్ లాండింగ్
సెప్టెంబరు 21, 1958, ఆదివారం

అక్కా,

నాన్న చారు కూడా మానేశాడు. నిన్న ఫాదర్ ఇగ్నేషియస్ చివరి నూనె పూసి ప్రార్థన చెయ్యడానికి వచ్చాడు. మొదటి ఆట నడుస్తోంది. నాన్న ఒక కన్ను తెరిచి, "ఒక్క నిమిషం ఫాదర్, రెండు బేసుల మీద మనవాళ్లున్నారు," అన్నాడు. ఫాదర్ ఆగాడు. ఆయనా ఈ ఊరివాడే. ఆ ఇద్దరిలో ఒక్కడు కూడా పరుగు పూర్తిచేసి హోమ్ బేసుకి చేరలేదు. ఆ తర్వాత నూనె పూశాడు.

ఇది జోకు కాదు, జరిగిందే రాశాను.

నీ దీవికి పడవ ఏ రోజుల్లో వస్తుందని నాన్న అడిగాడు. మంగళవారం, గురువారం అన్నాను. కాసేపాగి మళ్లీ అడిగాడు. ఇవాళ పొద్దున కూడా అడిగాడు.

అక్కా, రా.

నార్బర్ట్

తా.క. వంతెన దగ్గర పోలీసులకి నీ ఫొటో ఇచ్చి ఉంచాం. మారువేషంలో రాగలవు.


లడ్లోస్ పాయింట్ స్టేషన్, కెంటకీ
సెప్టెంబరు 27, 1958, శనివారం మధ్యాహ్నం

నార్బ్,

గురువారం పడవలో నీ ఉత్తరం వచ్చింది. అదే పడవలో బయల్దేరాను. రైళ్లు మారి మారి ఇవాళ పొద్దున ఇక్కడ దిగాను. స్టేషన్లో పేపరు చూశాను. మూడు-మూడు. ఏడో ఆట ఇవాళ మధ్యాహ్నమే, మన ఊళ్లోనే.

చేతిలో పెట్టె పట్టుకుని వంతెన దాకా నడిచాను. అక్కణ్నుంచి మన చర్చి గోపురం, కార్ఖానా పొగగొట్టం, నది ఒడ్డున మైదానం గోడ కనిపిస్తున్నాయి. చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి వచ్చేశాను.

నువ్వు నవ్వుతావు. నవ్వు. నేను ఇందులో దేన్నీ నమ్మను. పన్నెండేళ్లుగా నర్సుని, పాదం వల్ల ఎవరూ చావలేదు, పాదం వల్ల ఎవరూ బతకలేదు. కానీ నేను వంతెన దాటి, తలుపు తీసి, అదే క్షణాన మనవాళ్లు బంతి వదిలేస్తే? నాన్న ఏమీ అనడు. అనడానికి ఓపిక కూడా ఉండదు. యాభై మూడు నాటి ఆ చూపు చూస్తాడేమోనని. ఆయన చివరి ఆట పోవడానికి నేను కారణం కాదలుచుకోలేదు. ఇంకో మూడు గంటలు. కెంటకీలో అధికారం చెల్లదని నువ్వే రాశావు.

అందుకని స్టేషన్ హోటల్లో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. చేతులకి ఏదో పని కావాలి. నీ చేతికే ఇస్తాను.

కౌంటరు దగ్గరున్నాయన రేడియో పెట్టాడు. "ఎవరి కోసమమ్మా, ఇంతసేపట్నుంచి?" అన్నాడు.

"ఆట అయిపోవడం కోసం," అన్నాను.

"ఏ టీము?"

"కూపర్స్."

"అయితే అవతలికి వెళ్లి చూడొచ్చుగా? నడిచి వెళ్లేంత దూరమేగా?"

ఆపిల్ కేకు ముక్క ఒకటి తెమ్మన్నాను.

ఇక్కడొక చిత్రం ఉంది. రేడియోలో ముందు వినబడుతుంది. ఆ తర్వాత ఒక్క గుటక వేసేంతసేపటికి నది మీంచి జనం కేక వస్తుంది. కేక రాకముందే అది సంతోషమో ఏడుపో నాకు తెలిసిపోతోంది.

ఐదో ఇన్నింగ్స్. మూడు-ఒకటి. మనం వెనకబడ్డాం.

ఆరు. అంతే.

ఏడు. కౌంటరాయన నా వైపు జాలిగా చూస్తున్నాడు. నాన్న హాల్లో కుర్చీలోనే ఉండి ఉంటాడు, నువ్వు దించి ఉంటావు. సాయంత్రం సూది వేయించుకోలేదు కదా. లేచి వెళ్లిపోదామనిపించింది. పెట్టె పట్టుకున్నాను. అప్పుడే మనవాడు ఒకడు బేసుకి చేరాడు. మళ్లీ కూర్చున్నాను.

ఎనిమిది. మూడు-మూడు. నది అవతల నుంచి వచ్చిన కేకకి ఇక్కడ గాజు గ్లాసులు కదిలాయి.

తొమ్మిది. సమానం. ఇంకా నడుస్తుంది.

పది. గెలిచారు.

కౌంటరాయన డబ్బు వద్దన్నాడు. వస్తున్నాను. వంతెన మీద అప్పుడే కార్లు బారులు కట్టాయి. నడిచే వస్తాను.

వెరా


ట్రాస్క్ లాండింగ్
సెప్టెంబరు 27, 1958, సాయంత్రం

అక్కా,

గెలిచాం. ఊరంతా హారన్లు కొడుతోంది. మన పక్కింటి ఆచిన్సన్ గారు పెరట్లో తుపాకీ పేలుస్తున్నాడు.

నాన్న ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పోయాడు.

ఆరులో ఉండగా కళ్లు తెరిచి, "వెరా ఎక్కడుంది?" అన్నాడు.

"దీవిలో, నాన్నా. ఆటలయ్యాక వస్తుంది. నువ్వే అన్నావుగా."

"అన్నాను. అప్పుడు ఓపిక ఉంది, అన్నాను."

కాసేపు రేడియో విన్నాడు. తర్వాత, "ముప్పై ఒకటిలో అది నా భుజాల మీదే ఉంది. నా చెవులు పట్టుకుని అరిచింది. అప్పుడు గెలవలేదా?"

"అప్పుడది చిన్నపిల్ల కదన్నయ్యా," అంది అత్త.

"గెలుపుదేముందే. మా నాన్న ఒకటి చూశాడు. నేను రెండు చూశాను. వీళ్లు కాకపోతే వీళ్ల కొడుకులు గెలుస్తారు." అప్పుడు నా వైపు తిరిగాడు. "పిల్లని పిలవలేకపోయావురా?"

"పిలిచాను నాన్నా."

"ఎలా పిలిచావు?"

నేను లేచి రేడియో చప్పుడు పెంచాను. ఆయన మళ్లీ అడగలేదు. ఏడో ఇన్నింగ్స్ అంతా శ్వాస వింటూ కూర్చున్నాను. ఎనిమిదిలో మనవాళ్లు సమం చేశారు. ఊరు ఊరంతా అరిచింది. ఆ అరుపు తగ్గాక చూస్తే గదిలో ఒక చప్పుడు తక్కువైంది.

అత్త చూసింది. నేను చూశాను. ఇద్దరం లేవలేదు. రేడియో ఆపలేదు. సమంగా ఉన్నప్పుడు ఎవరూ కదలకూడదు కదా. ఆమె తన కుర్చీలో, నేను మెట్టు మీద, ఆయన ఆయన కుర్చీలో. తొమ్మిదో ఇన్నింగ్స్ అంతా అలాగే విన్నాం. పదో ఇన్నింగ్స్ కూడా. గెలిచాక అత్త లేచి రేడియో కట్టేసి, నాన్న కళ్లు మూసింది.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాను. ఇప్పుడు శవపేటిక వాళ్ల దగ్గరికి వెళ్లాలి. దారిలో ఇది డబ్బాలో వేస్తాను. పడవ ఎప్పుడో మంగళవారం గానీ రాదు. నీకు టెలిగ్రాం ముందే అందుతుంది. అయినా రాశాను.

నార్బర్ట్


ట్రాస్క్ లాండింగ్
అక్టోబరు 3, 1958

అక్కా,

నువ్వు రైలెక్కాక ఈ సంగతి గుర్తొచ్చింది. ఆ శనివారం సాయంత్రం నేను నీకు దీవి చిరునామాకి ఒక ఉత్తరం పోస్టు చేశాను. పోస్టు చేసి, శవపేటిక మాట్లాడి తిరిగొచ్చేసరికి నువ్వు వరండాలో పెట్టె మీద కూర్చుని ఉన్నావు, జుట్టు నిండా రంగు కాగితాలు. అవి వంతెన మీద ఎవరో చల్లి ఉంటారు. దులపమని చెప్పాలని కూడా నాకు తోచలేదు.

ఆ ఉత్తరం విప్పకు. పొయ్యిలో వెయ్యి. అందులో కొత్త సంగతులేవీ లేవు.

నువ్వు నా చేతిలో పెట్టిన ఉత్తరం చదివాను. కెంటకీ సంగతి నేను రాసింది తమాషాకి. నీకు తెలుసుగా. తెలిసే ఉంటుంది.

ఇక్కడ ఊరేగింపు జరిగింది. మేయరు మన ఇంటి ముందు బ్యాండు ఆపించి టోపీ తీశాడు. "గెలుపు చూసే పోయాడు, ధన్యజీవి" అని అందరూ అంటున్నారు. పేపర్లో కూడా అలాగే రాశారు. శ్మశానంలో నాన్న పక్కన ఎవరో పసుపు జెండా పాతారు. తాతయ్య పక్కన కూడా ఒకటి. నేను అందరికీ అవునంటున్నాను. అవునండి, చూసే పోయాడు. అత్త కూడా అవునంటోంది. నాలుగైదు రోజులు అవునన్నాక మాకే అలా జరిగిందనిపిస్తోంది. పదో ఇన్నింగ్స్‌లో ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు కదా, ఒకరకంగా.

ఫోను తీగ మళ్లీ పెట్టాం. ఎవరూ చెయ్యడం లేదు.

ఆ ఉత్తరం చదవకు.

నార్బర్ట్


హేక్ దీవి
అక్టోబరు 9, 1958

నార్బ్,

నువ్వు వద్దన్న ఉత్తరం మంగళవారమే చేతికొచ్చింది. వద్దన్నది ఇవాళ వచ్చింది. ఈ దీవిలో పడవలు మన మాట వినవు.

చదివాను. ఇద్దరు తల్లుల్లో ఒకామెకి అదే రోజు నొప్పులొచ్చాయి. చదివి జేబులో పెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. మగపిల్లాడు. ఆమె కోసం నీళ్లు కాస్తూ, బట్టలు ఉడికిస్తూ, బిడ్డ వీపు తడుతూ అన్ని పనులూ సరిగ్గానే చేశాను. వాడు ఏడ్చాడు. ఏడవాల్సిన వాళ్లలో వాడైనా ఏడ్చాడు.

ముప్పై ఒకటి నాకు గుర్తుంది. నాన్న చెవులు వేడిగా ఉండేవి. గెలిచాక ఆయన నన్ను భుజాల మీంచి దించలేదు, వంతెన దాకా మోసుకెళ్లి మళ్లీ తీసుకొచ్చాడు. ఆకలిగా ఉందని ఏడ్చాను. ఎవరింట్లోనూ ఏమీ లేవు. అయినా ఎవరో నా చేతిలో ఒక ఉల్లిపాయ పెట్టారు. ఉల్లిపాయ తిన్నాను. మీరందరూ నా పాదం గురించి నవ్వినప్పుడల్లా ఆ సంగతి చెప్పాలనుకునేదాన్ని. చెబితే తమాషా పాడవుతుందని ఊరుకునేదాన్ని.

నీ తప్పేమీ లేదు. "అక్కా, రా" అన్నావు. వచ్చాను. మిగతాదంతా నీ ఉత్తరాల్ని నేను చదువుకున్న తీరు.

నువ్వు ఆయన్ని మెట్లు దించావు. నాకు ఆ పని లేకపోయింది. దాని గురించే ఎక్కువ ఆలోచిస్తున్నాను.

వెరా


ట్రాస్క్ లాండింగ్
సెప్టెంబరు 19, 1959

నార్బ్,

సైన్యంలో చేరాక నువ్వు రాసిన మొదటి ఉత్తరం జర్మనీ నుంచి వచ్చింది. అందులో ఒక్క జోకూ లేదు. తల గొరిగినప్పుడే దాన్నీ గొరిగేశారా? "తిండి బాగుంది. వాన పడుతోంది. క్షేమం." ఇది మనవాడు రాసిందేనా అని అత్త చేతిరాత మళ్లీ మళ్లీ పోల్చి చూసింది.

నేను సెలవు పెట్టి పది రోజుల కిందట వచ్చాను. దీవిలో అడిగారు, సెప్టెంబరులో ఎవరైనా సెలవు పెడతారా అని. నేను పెడతాను అన్నాను.

కూపర్స్ ఈ ఏడూ ఫైనల్‌కి వచ్చారు. నమ్ముతావా? వరసగా రెండో ఏడు, తాతయ్య కాలంలో కూడా లేని వైభవం. చివరి ఆట నిన్న. నేను ఇంట్లోనే ఉన్నాను. హాల్లో కూర్చున్నాను. మధ్యలో లేచి కాఫీ పెట్టుకున్నాను, కిటికీలు తీశాను, వరండాలోకి వెళ్లి వచ్చాను. అత్త మొదట్లో ప్రతిసారీ శిలువ గీసుకుంది. తర్వాత తనూ లేచి, మంచినీళ్లు తాగి, ఇంకో కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలోంచి వీధి బాగా కనిపిస్తుందట, ఇన్నాళ్లూ తెలియలేదట.

తొమ్మిది-రెండు. ఓడిపోయారు. ఓటమి అంటే అలా ఇలా కాదు.

ఆట అయ్యాక కంచె దగ్గర ఆరేసిన బట్టలు తీస్తుంటే ఆచిన్సన్ గారు అవతల నుంచి కేకేశాడు. "వెరీనా! నువ్వొచ్చావని ముందే తెలిస్తే టిక్కెట్టు కొనేవాణ్ణే కాదమ్మా!"

అని, ఎప్పట్లాగే పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. అలాగని కోపమూ రాలేదు. ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన నవ్వు కొంత దూరం వెళ్లి ఆగిపోయింది. పాపం, చేతిలో ఉన్న పసుపు టోపీని ఎక్కడ పెట్టాలో తెలియక ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"వచ్చే ఏడు కూడా వస్తానండీ," అన్నాను.

వెరా